దక్షిణం హద్దు

సుమన చేసే ఉద్యోగం దిక్కులు సరిచేయడం. ఫోన్లో ఒకావిడ "రెండు వందల మీటర్లు దక్షిణం వైపు వెళ్లండి" అని తియ్యగా చెప్తుంది కదా, ఆ మాట సరైన రోడ్డు మీద, సరైన మలుపు దగ్గర వస్తోందా లేదా అని మాదాపూర్‌లో పన్నెండో అంతస్తులో కూర్చుని చూసే నలభై మందిలో ఆమె ఒకతి. బీటెక్ చదివింది ఇందుకా అని మొదటి ఆర్నెల్లు అనిపించింది. తర్వాత అలవాటైపోయింది. కానీ ఆ గొంతు మీద ఒక ఫిర్యాదు మాత్రం మిగిలింది. దారి అడిగినవాడికి ఏ మనిషీ "దక్షిణం వైపు పో" అని చెప్పడు. టీకొట్టు దాటినంక అంటాడు, పాత స్కూలు పక్క సందు అంటాడు, ఇంకా మంచివాడైతే బండెక్కి కూర్చుని తానే చూపిస్తాడు. దక్షిణం అని ఎవరంటారు?

ఆఫీసులో ఆ మాట మీద ఇంకో తమాషా ఉంది. నోయిడాలో ఉండే మేనేజర్‌కు వీళ్లంతా కలిసి "సౌత్ టీం". తెనాలి నుంచి వచ్చిన రూమ్మేటుకు మాత్రం సుమన ఎక్కడో పైనుంచి దిగిన పిల్ల. అప్పుడప్పుడు ఆమె మాటను సినిమా కమెడియన్ లాగా అనుకరించి, సారీ చెప్పి, రెండు రోజులాగి మళ్లీ అనుకరిస్తుంది. నోయిడా లెక్కలో ఇద్దరూ పొద్దున్నే సాంబారు తాగేవాళ్లే. చెన్నై నుంచి వచ్చిన టీం లీడ్ అసలు హైదరాబాదును సౌత్ అని ఒప్పుకోడు. ఇది దక్కన్ అంటాడు. దక్కన్ అన్నా దక్షిణమే కదా అని సుమన అడిగితే, "ఆ పేరు పెట్టినవాడు ఎక్కడ నిలబడి పెట్టాడో చూసుకో" అన్నాడు. ఆ మాట ఆమెకు నచ్చింది. చిన్న పసుపు కాగితం మీద "ఎక్కడ నిలబడి?" అని రాసి కంప్యూటర్ అంచుకు అంటించుకుంది. అది తన ఇంటి దాకా వస్తుందని అప్పుడు అనుకోలేదు.

మంగళవారం మధ్యాహ్నం టేకుమట్ల నుంచి నానమ్మ రుక్కి ఫోన్ చేసింది.

"ఏం చేస్తున్నవే?"

"పని చేస్తున్న దాదీ. చెప్పు."

"గీ పనేందో నాకు ఇప్పటిదాంక సమజ్ కాలే గని, పటాలు గీసే పనే గదా. మన చెల్కకు సర్వేయర్ వస్తడట, ఎల్లుండి. మీ బాపుకు చెల్పూర్ కరెంటు ప్లాంటుల డ్యూటీ ఉన్నది, సెలవియ్యరంట. మీ దాదా ఒక్కడే ఉంటే మాట్లాడడు, తలకాయ ఊపుతడు. నువ్వు పటం తీస్కొని రా."

చెల్క అంటే టేకుమట్ల శివారులో వాగు దగ్గరున్న ఎకరం పది గుంటలు. సుమన తాత మంగ్యా ముప్పై ఆరేళ్ల కింద కొన్నది. స్టాంపు లేదు, రిజిస్ట్రేషన్ లేదు. తెల్లకాగితం మీద రాసుకున్న సాదా బైనామా. ఇన్నేళ్లూ దున్నింది మంగ్యానే అయినా, ఆఫీసు రికార్డులో ఆ భూమి ఇప్పటికీ అమ్మినాయన పేరు మీదే ఉంది. ఇప్పుడు అలాంటి కాగితాలకు పట్టా ఇస్తున్నారని దరఖాస్తు పెట్టారు. సర్వేయర్ వచ్చి, కాగితం మీద రాసిన నాలుగు హద్దులూ నేల మీద ఉన్న నాలుగు హద్దులూ ఒకటేనని రాస్తే పట్టా. లేదంటే దరఖాస్తు తిరిగొస్తుంది. మంగ్యాకు డెబ్బై ఆరు. తన పేరున్న పుస్తకం ఒకటి చేతిలో పట్టుకుని చూడాలన్నది ఆయన ఎవరికీ చెప్పని కోరిక, కాబట్టి ఇంట్లో అందరికీ తెలుసు.

సుమన రెండు రోజులు సెలవు పెట్టింది. ఉపగ్రహం ఫొటో మీద చెల్క గట్లు పసుపు గీతలతో గీసి, వాగు నీలం, బండ్ల బాట గోధుమ రంగు, పైన ఉత్తరం బాణం పెట్టి, పెద్ద కాగితం మీద కలర్ ప్రింటు తీసింది. ఆఫీసులో చేసిన ఏ పనీ ఆమెకంత ముద్దుగా కనబడలేదు.

గురువారం పొద్దున సర్వేయర్ ఐలేశ్ వచ్చాడు. సుమన కంటే నాలుగైదేళ్లు పెద్దవాడై ఉంటాడు, తల మీద టోపీ, బండి మీద భూమి కొలిచే ఎర్రటి ఇనుప గొలుసు. మంగ్యా ఉతికిన ధోతి కట్టి, తెల్ల రుమాలు తలకు చుట్టి, గట్టు మీద ఇంటర్వ్యూకు వచ్చినవాడిలా నిలబడ్డాడు. రుక్కి చెంబుతో నీళ్లు, గిన్నెలో పెసరగుగ్గిళ్లు పట్టుకుని ఆయన వెనకాల.

ఐలేశ్ ముందు సుమన ఇచ్చిన పటం చూశాడు. తర్వాత పాత కాగితం మడతలు విప్పాడు. మళ్లీ పటం చూశాడు. పటాన్ని తలకిందులు చేసి చూశాడు. టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు.

"అక్కా, మీ మ్యాపు మస్తున్నది," అన్నాడు. "గదే పరేషాన్."

"ఏమైందన్నా?"

ఆయన కాగితం చదివాడు. "తూర్పు, బండ్ల బాట. ఉన్నది, బరాబర్. పడమర, తుమ్మల గట్టు. గదీ ఉన్నది. ఉత్తరం, పటేలు గారి బావి. దక్షిణం, వాగు." చదవడం ఆపి చెయ్యి చాపాడు. "వాగు ఎటున్నది?"

వాగు ఎదురుగా, ఉత్తరాన ఉంది. పటేలు బావి వెనకాల, దక్షిణాన ఉంది. సుమన పటంలో బాణం అదే చెప్తోంది, చాలా ముద్దుగా.

"కాగితం ప్రకారం వాగు దక్షిణానికి ఉండాలె. అంటే భూమి వాగు అవతల ఒడ్డుకు ఉండాలె," అన్నాడు ఐలేశ్.

అవతలి ఒడ్డున రాళ్ల గుట్ట ఉంది. మేకలు కూడా అక్కడ నిలబడి ఆలోచిస్తాయి.

"అంటే నేను రాళ్లు కొని, గీడ దున్నుకుంటున్ననా?" అన్నాడు మంగ్యా. ఆయన నోరు విప్పడమే గొప్ప కాబట్టి అందరూ ఆయన వైపు చూశారు. "నేను చూసే కొన్న సారూ. నేను కొన్ననాడు వాగు గాడనే ఉండె. నేను గీడనే ఉంటి."

"నాకెరుకే బాపూ. ఊరందరికీ ఎరుకే. గానీ నేను రాసేది కాగితం చూసి గదా." ఐలేశ్ గొంతులో పొగరు లేదు, అదే సుమనకు ఇంకా కష్టంగా ఉంది, పోట్లాడదామంటే పట్టు దొరకలేదు. "ఒక పని చేయుండ్రి. అమ్మినోళ్ల దిక్కు నుంచి, హద్దులు ఉల్టా వడ్డయ్ అని వాంగ్మూలం తెండ్రి. ఎందుకు ఉల్టా వడ్డయో దానికి ఏదన్న ఆధారం జత చేయుండ్రి. మంగళవారం నేను రిపోర్టు ఇయ్యాలె. గప్పటిదాంక ఆగుత."

ఆయన పోయాక రుక్కి గుగ్గిళ్ల గిన్నె గట్టు మీద పెట్టి, తనూ కూర్చుంది.

"ఈ ముసలోనికి దిక్కులు మొదలే తెల్వయి," అంది మనవరాలితో, మొగుడికి వినబడేలా. "కొడకండ్ల నుంచి గీడికి వచ్చిన మొదటేడు, పటేలు 'కింది మడికి పోయి నాగలి కట్టు' అంటే, పోయి మీది మడి దున్నిండు. పొద్దంత. పటేలు ఇంట్ల ఆడోళ్లు సుత నవ్విండ్రు. మాది మానుకోట దిక్కు తండా, మా తానైతే గిట్ల ఎవ్వలు చేయరు."

మంగ్యా రుమాలు విప్పి దులిపి మళ్లీ చుట్టుకున్నాడు. ఈ ముచ్చట ఆయన యాభై ఏళ్ల నుంచి వింటున్నాడు. సుమన కూడా పుట్టినప్పటి నుంచి వింటోంది. ఎంతగా విన్నదంటే, ఆ రోజు కూడా అసలు చెవిలో వేసుకోలేదు.

సాయంత్రం తాతా మనవరాళ్లు వెంకట్రాం పటేలు ఇంటికి పోయారు. భూమి అమ్మింది ఆయన తండ్రి; ఆ తండ్రి పోయి ఇరవై ఏళ్లు దాటింది. వెంకట్రాం రెండుసార్లు సర్పంచ్ చేసి, ఇప్పుడు వరండాలో కుర్చీ వేసుకుని ఫోన్లో పత్తి రేట్లు చూసే వయసుకు వచ్చాడు. భార్య సులోచన ఇద్దరికీ చాయ్ తెచ్చింది. మంగ్యా అరుగు అంచున కూర్చున్నాడు. సుమన కావాలనే కుర్చీ లాక్కుని కూర్చుంది. వెంకట్రాం అది చూశాడు.

"మంగ్యా, చెల్క నీదే. నూరు మందిల చెప్త," అన్నాడు అంతా విన్నాక. "దున్నేది నువ్వే, కొన్నది నువ్వే. రాసియ్యమంటే ఇప్పుడే రాసిస్త. గానీ కాగితం తప్పని మాత్రం రాయ."

"తప్పున్నది కదా పటేలా," అంది సుమన.

"మా నాయిన సంతకం చేసిండు గదా బిడ్డా దాని మీద." వెంకట్రాం ఫోన్ పక్కన పెట్టాడు. "ఆయన కాలంల గీ ఊళ్ల పంచాయితీలు, పాలు పంపకాలు, అన్నీ ఆయన సంతకం మీద నిలవడ్డయ్. వాగు ఎటున్నదో తెల్వకుంట సంతకం చేసిండని ఇయ్యాల కొడుకే రాసిస్తే, రేపు పది మంది వస్తరు. మా కాగితం సుత చూడకుంటనే చేసిండా అంటరు. నేనేం చెప్పాలె?"

సుమనకు కోపం వచ్చింది, వచ్చినంత తొందరగా పోయింది కూడా. ఆయన తండ్రి పేరు ఆయనకు ముఖ్యం, తన తాత పేరు తనకు. ఇద్దరూ పట్టుకున్నది ఒకే కాగితాన్ని.

"ఆయనది తప్పు అనకుంట ఎట్ల దిద్దుతవో నువ్వే చూడు," అన్నాడు వెంకట్రాం. "చదువుకున్నదానివి. దొరికితే తీస్కరా, సంతకం చేస్త."

ఇంటికి వచ్చే దారిలో సుమన అడిగింది. "దాదా, గా కాగితం రాసింది ఎవరు?"

"కొడకండ్ల రైటర్. కొమురెల్లి."

"టేకుమట్ల భూమికి కొడకండ్లల రాసుడేంది?"

మంగ్యా నడుస్తూనే చెప్పాడు. ఆయన పుట్టింది కొడకండ్ల దగ్గర తండాలో. పని వెతుక్కుంటూ టేకుమట్ల వచ్చి, వెంకట్రాం తండ్రి పెద్ద పటేలు దగ్గర జీతానికి ఉండి, పదిహేనేళ్ల తర్వాత భూమి కొన్నాడు. కొన్నాడు గానీ, ఈ ఊళ్లో అందరూ పటేలు మనుషులే కదా, కాగితం తన వాళ్ల ముందర, తన తండా నాయక్ సాక్షి సంతకంతో కావాలన్నాడు. పెద్ద పటేలు నవ్వి, "నీ ఇష్టమే కానియ్" అన్నాడట. జనగామ అంగడిలో ఎడ్లు కొనేందుకు ఎలాగూ పోయేది ఉంది కాబట్టి, అటునుంచి అటే కొడకండ్ల పోయి, రైటర్ ఇంట్లో కూర్చుని రాయించారు.

"అంటే రాసినాయన మన చెల్క చూడలేదన్న మాట."

"ఎందుకు చూస్తడు? నేను చెప్పిన, ఆయన రాసిండు."

శనివారం ఇద్దరూ బస్సెక్కారు. పరకాల, హనుమకొండ, జనగామ, కొడకండ్ల. జనగామలో దిగి ఇడ్లీ తిన్నారు. మంగ్యా చేతిసంచిలో కాగితం ప్లాస్టిక్ కవరులో, ఆ కవరు తువ్వాలలో, ఆ తువ్వాల ఇంకో కవరులో ఉంది. కొడకండ్లకు పోయే బస్సు కదిలాక ఆయన కిటికీ వైపు జరిగాడు. తండా పేర్లు ఒక్కొక్కటీ లంబాడీలో తనలో తనే అనుకుంటూ కూర్చున్నాడు. ఆయన ముఖం చూసి సుమన ఫోన్ లోపల పెట్టేసింది. వచ్చిన పని కాకపోయినా ఈ ప్రయాణం గిట్టుబాటే అనిపించింది.

కొడకండ్లలో బస్సు దిగాక, రోడ్డు పక్క టీ పోసే మనిషిని అడిగింది. "అన్నా, రైటర్ కొమురెల్లి ఇల్లెక్కడ?"

"కొమురెల్లి తాత లేడు గదా. కోడలు భూదేవక్క ఉంటది. గిట్లనే కిందికి పోండ్రి, మూడో గల్లీ."

ఆయన చెయ్యి చూపించిన వైపు సుమన చూసింది. అటు రోడ్డు ఎత్తెక్కుతోంది. చిన్న ఎత్తు కాదు. ఒక ముసలామె నీళ్ల క్యానుతో సైకిల్ తోసుకుంటూ, మధ్యలో ఆగి ఆయాసం తీర్చుకుంటోంది.

"కిందికా?" అంది సుమన, పల్లంగా ఉన్న అటు పక్క చూపిస్తూ.

"అటు కాదక్కా. కిందికి." మళ్లీ ఎత్తు వైపే చూపించాడు. సుమన ముఖం చూసి ఆయనకు అర్థం కాలేదు. "కిందికంటే కిందికే. దక్షిణానికి."

"రోడ్డు మీదికి ఎక్కుతాంది గదన్నా."

"రోడ్డు ఎక్కితే ఎక్కనియ్. మా దగ్గర నీళ్లన్ని గటే పోతయ్. వాగులు గటే పోతయ్, చెరువు అలుగు పారినా గటే. చిన్నప్పటి సంది గటు కిందికే అంటం." టీ గ్లాసులు కడుగుతూ ఇంకో మాట కలిపాడు. "మీదేవూరు?"

సుమన ఫోన్ తీసి దిక్సూచి తెరిచింది. ఎత్తు వైపు తిప్పి పట్టుకుంటే తెర మీద పడింది: దక్షిణం. భూమ్మీద ఏ మనిషీ దారి అడిగినవాడికి దక్షిణం అని చెప్పడన్న తన ఫిర్యాదు అక్కడే, ఆ టీకొట్టు ముందర కొట్టివేయబడింది. ఈ ఊళ్లో అందరూ చెప్తారు. కాకపోతే దాన్ని కిందికి అంటారు.

ఆ తర్వాత ఆమెకు రుక్కి ముచ్చట గుర్తొచ్చింది.

"దాదా," అంది నెమ్మదిగా, "మొదటేడు నువ్వు కింది మడి దున్నమంటే మీది మడి ఎందుకు దున్నినవ్?"

మంగ్యా విసుక్కున్నాడు. "నువ్వు సుత మొదలుపెట్టినవా?"

"నవ్వనీకి కాదు, నిజంగ అడుగుతున్న."

"దక్షిణం మడి దున్నిన. మా తండాల కిందికి అంటే గదే. టేకుమట్లల నీళ్లు ఉల్టా, ఉత్తరానికి పోతయ్, మానేరుకు. గది నాకేం ఎరుక? దున్నినంక ఎరుకైంది. గప్పటి సంది వాళ్ల తీరుగనే అంటున్న."

సుమన రోడ్డు పక్క రాయి మీద కూర్చుంది. తాత టేకుమట్లలో పదిహేనేళ్లు ఉండి, అక్కడి తీరు నేర్చుకుని, వాగు పల్లంలో ఉంది కాబట్టి "కింద వాగు" అని చెప్పి ఉంటాడు. కొడకండ్ల రైటర్ ఎక్కడా కదలకుండా, తన ఊరి తీరున దాన్ని దక్షిణం చేసి ఉంటాడు. చెప్పినాయన నిజమే చెప్పాడు. రాసినాయన విన్నదే రాశాడు. ఒక్కొక్కరు ఒక్కో దిక్కుకు నీళ్లు పారే నేల మీద నిలబడ్డారు, అంతే. కానీ ఇది సుమన మెదడులో ఉన్న సంగతి. ఐలేశ్ ఫైలులో జత చేయడానికి మెదడు పనికిరాదు.

భూదేవి ఇంటి ముందు వడియాలు ఎండబెడుతోంది. విషయం విని, తడి చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

"మా మామ పోయి పన్నెండేండ్లాయె, గిరాకీ ఇంకా తగ్గలే," అంది. "గీ పట్టాల ముచ్చట వచ్చినకాంచి నెలకు ముగ్గురు వస్తున్నరు. కూసోండ్రి. బుక్కులు పారేయమని నా పెనిమిటి ఎన్నిమార్లు అన్నడో. పారేస్తే మీరంత ఎటు పోదురు?"

ఆమె చెప్పిన బుక్కులు, కొమురెల్లి చిత్తు పుస్తకాలు. ఆయన పద్ధతి ఒకటి ఉండేదట. మనిషి చెప్పింది చెప్పినట్టు ముందు పెన్సిలుతో చిత్తు రాసుకునేవాడు. దాన్నే అందరికీ చదివి వినిపించేవాడు. సరేనన్నాక, తర్వాత తీరిగ్గా కూర్చుని అందమైన దస్తూరితో, పెద్ద పెద్ద మాటలు పెట్టి, తెల్లకాగితం మీద ఎత్తి రాసేవాడు. చిత్తు మాత్రం దాచుకునేవాడు. సందూక పెట్టెలో అలాంటి పుస్తకాలు నలభై దాకా ఉన్నాయి. కొన్ని చెదలు తిన్నాయి. కొన్నిటిలో భూదేవి అత్తగారు పాల చిట్టా రాసుకుంది.

సంవత్సరం తెలుసు కాబట్టి పుస్తకం గంటలో దొరికింది. పేజీ అంచు ఎలుక కొరికింది. పెన్సిలు వెలిసిపోయింది. సుమన ఫోన్ లైటు ఏటవాలుగా వేసి, గీతలు కనబడేలా పట్టుకుని చదివింది.

*మంగ్యా నాయక్ చెప్పినది. పొద్దుపొడుపు దిక్కు బండ్ల బాట. పొద్దుగూకు దిక్కు తుమ్మల గట్టు. మీదికి పటేలు బావి. కిందికి వాగు.*

దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకో రెండు వాక్యాలు ఉన్నాయి. సుమన వాటిని రెండుసార్లు చదివింది.

*పటేలు గారు కండ్లద్దాలు తేలేదు. చదివి వినిపించితిని, సమ్మతించిరి.*

"ఏమున్నది?" అన్నాడు మంగ్యా.

"నువ్వు చెప్పిందే ఉన్నది దాదా. పటేలు విన్నది కూడా ఉన్నది."

ఆయన తన పేరు ఎక్కడుందో చూపించమన్నాడు. సుమన చూపించింది. వేలు పెట్టకుండా, వేలు కాస్త పైన ఆపి, గాలిలోనే ఆ పేరు వెంట జరిపాడు.

భూదేవి పుస్తకం ఇవ్వలేదు. "నా తాననే ఉంటది. ఫొటో తీస్కోండ్రి. సర్వేయర్‌కు నా మాట కావాలంటే ఫోన్‌ల చెప్త, రమ్మన్నా వస్త. బస్సు కిరాయి వద్దు గని, మీ దిక్కు ఎండుమిర్చి మంచిగుంటదంట." మంగ్యా బదులు సుమన మాటిచ్చింది, రెండు కిలోలు.

ఆదివారం పొద్దున ఆ ఫొటోలు వెంకట్రాం ఫోన్‌కే పంపి, తనూ వెళ్లి ఎదురుగా కూర్చుంది. టీకొట్టు దగ్గర విన్నదంతా చెప్పింది. వెంకట్రాం అక్షరాలు పెద్దవి చేసి, కళ్లద్దాలు పైకి జరిపి చదివాడు. చివరి రెండు వాక్యాలు ఇంకోసారి చదివాడు.

"అద్దాలు మరిచిపోయుంటడు," అన్నాడు. "ఎక్కడికి పోయినా మరిచిపోయేటోడు. అంగడికి పోయి ఎడ్ల పండ్లు చేతితోని తడిమి చూసేటోడు, కండ్లకు ఆనక. సులోచనా, జర ఇటు రా, ఇది చూడు."

సులోచన వచ్చి ఆయన భుజం మీదుగా చదివింది. "మామయ్య విన్నది మీద బావి, కింద వాగు. సక్కగనే ఉన్నది గదా," అంది.

"అదే గదా నేనంటున్నది. ఆయన సక్కగనే విన్నడు. సక్కగున్నదానికే సంతకం చేసిండు." వెంకట్రాం కుర్చీలో వెనక్కి వాలాడు. కొంతసేపటికి కడుపు కదిలేలా నవ్వడం మొదలుపెట్టాడు. "మంగ్యా మీది మడి దున్నిన దినం నేను గాడనే ఉన్న. పదేండ్ల పోరన్ని. మా నాయిన గట్టు మీద నిలవడి, 'అరే, వీనికి పల్లం ఏదో తెల్వదా' అని ఒకటే నవ్వుడు. ఇన్నేండ్లు గది తిక్క అనుకున్నం. గది మీ ఊరి లెక్కనా?"

"మా ఊరి లెక్కనే పటేలా."

"మరి గప్పుడే చెప్పొచ్చు గదా ముసలోడు."

"ఎవరు అడిగిన్రు?" అంది సుమన.

వెంకట్రాం కాగితం, పెన్ను తెమ్మని లోపలికి కేకేసి, వాంగ్మూలం తానే చెప్తూ సుమనతో రాయించాడు. తండ్రి చదివించుకుని విన్న హద్దులు సరైనవేననీ, రైటర్ తన ఊరి వాడుక ప్రకారం కిందికి అన్న మాటను దక్షిణంగా ఎత్తి రాశాడనీ, టేకుమట్లలో పల్లం ఉత్తరానికి ఉంటుందనీ. "నా తండ్రి గారు సమ్మతించినది సరైన హద్దులకే" అన్న వాక్యం మూడుసార్లు వచ్చింది. సుమన రెండు తీసేద్దామనుకుని ఊరుకుంది. మూడుసార్లున్నా భూమికి నష్టం లేదు.

సెలవు అయిపోయింది. మంగళవారం దాకా ఇంటి నుంచే పని చేస్తానని నోయిడాకు మెసేజ్ పెట్టింది. ఎక్కడున్నావని అడిగితే "సౌత్‌లో" అని రాసింది. బొటనవేలు బొమ్మ వచ్చింది.

మంగళవారం ఐలేశ్ భూదేవితో ఫోన్లో మాట్లాడి, వాంగ్మూలం, చిత్తు పేజీ ఫొటో జత చేసుకుని, కొత్త హద్దుల పత్రం మోకాలి మీద పెట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు. ఈసారి వెంకట్రాం కూడా వచ్చాడు. వచ్చి మంగ్యా పక్కన గట్టు మీదే కూర్చున్నాడు, తువ్వాల పరుచుకుని.

"బాపూ, పద్ధతి ప్రకారం నువ్వే చెప్పాలె, నేను రాసుకోవాలె," అన్నాడు ఐలేశ్. "తూర్పు?"

"బండ్ల బాట."

"పడమర?"

"తుమ్మల గట్టు. తుమ్మలు ఇప్పుడు లేవు, గట్టున్నది."

"ఉత్తరం?"

"వాగు."

"దక్షిణం?"

మంగ్యా లేచి నిలబడ్డాడు. వాగు వైపు ఒకసారి చూశాడు. తర్వాత పూర్తిగా వెనక్కి తిరిగి, బావి వైపు చెయ్యి చాపి, చాపిన చెయ్యి దించకుండా, అక్షరం అక్షరం విడమరిచి చెప్పాడు.

"దక్షిణం, వెంకట్రాం పటేలు బావి. రాసుకో సారూ. మల్ల చదివి వినిపియ్యి."

ఐలేశ్ చదివి వినిపించాడు. మంగ్యా విన్నాడు. వెంకట్రాం కళ్లద్దాలు పెట్టుకుని, తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని, తానూ ఒకసారి చదివాడు. సంతకాలయ్యాయి. మంగ్యా వేలిముద్ర వేసి, సిరా బొటనవేలును ధోతికి తగలకుండా ఎత్తి పట్టుకుని చాలాసేపు అలాగే తిరిగాడు. "ఇంక అబ్జెక్షన్లేం లేవు, పైకి పంపిస్త" అని ఐలేశ్ బండి ఎక్కాడు. రెండు రకాల గుగ్గిళ్లు పొట్లం కట్టి ఆయన సంచిలో పెట్టింది రుక్కి.

పట్టా పుస్తకం రావడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. వచ్చిన రోజు మంగ్యా దాన్ని తువ్వాలలో, తువ్వాలను కవరులో పెట్టి, కవరుతోనే చెల్కకు తీసుకుపోయాడని రుక్కి ఫోన్లో చెప్పింది.

"చెల్కకు ఎందుకు దాదీ?"

"చెల్కకు చూపెట్టనీకట. అన్నం తీస్కొని కిందికి రమ్మన్నడు. నేను వాగు దిక్కు పోయి కూసున్న. ముసలోడు బావి కాడ కూసున్నడు. ఇద్దరం ఒకలి కోసం ఒకలం చూస్కుంట గంట సేపు."

"ఇప్పుడెందుకు గట్ల చేసిండు? వాళ్ల తీరు నేర్చుకున్న అన్నడు గదా."

"పుస్తకం వచ్చింది గదా, ఇప్పుడు చెల్క నాది, నా ఊరి తీరుగనే అంట అంటున్నడు." వెనకాల మంగ్యా ఏదో గొణిగాడు. రుక్కి ఫోన్ పక్కకు పెట్టి ఆయన్ను లంబాడీలో ఒక మాట తిట్టి, మళ్లీ వచ్చింది. "అన్నం సల్లగైంది. అయినా తిన్నడు. మంచిగున్నదన్నడు."

సుమన నవ్వి ఫోన్ పెట్టేసింది. ఎదురుగా తెర మీద, ఎవరో ఎక్కడో నడపబోయే కారు కోసం ఒక వాక్యం ఎదురుచూస్తోంది: దక్షిణం వైపు వెళ్లండి. బాణం సరిగ్గానే ఉంది. రోడ్డూ సరైనదే. ఆమె ఓకే నొక్కింది.